గోధుమ గింజంత సున్నం

బహదూర్‌పురా, హైదరాబాదు
2 జూలై 2025, ఆషాఢ శుద్ధ సప్తమి

చిరంజీవి ఆనందరావునకు బావ బాబురావు శుభాశీస్సులతో వ్రాయునది.

ఇక్కడ అందరం కుశలం. ఆ ‘అందరం’లో మీ అక్క నాగమణమ్మను చేర్చవచ్చునా అన్న సందేహంతో కలం ఆపి పైకే అడిగాను. “చేర్చుండ్రి, నేనేడికి పోయిన?” అని వంటింట్లోంచి జవాబు వచ్చింది. కనుక చేర్చాను.

మొన్న నీవు ఫోను చేశావని కోడలు రశ్మి చెప్పింది. నా చెవి యంత్రానికీ ఫోనుకూ పొసగదు. దగ్గర పెట్టుకోగానే ఈల వేస్తుంది. అవతలి మనిషి మాట ఆ ఈలలో కొట్టుకుపోతుంది. వనపర్తిలో తెలుగు పండితుడవై ఇన్నేళ్లు పిల్లల గిలుకుడు వ్రాతలు చదివినవాడివి, నా వ్రాత నీకు కష్టం కాదు. మన వ్యవహారం పోస్టుమ్యాన్ చేతిలో ఉండడమే మేలు.

ఇక విషయం. మీ అక్క చక్కెర వ్యాధి పాతదే. దానివల్ల మూత్రపిండాలు బలహీనపడ్డాయని పోయినేడు తెలిసింది. ఇప్పుడు ఎముకల పరీక్ష చేశారు. ఎముకలు పలచబడ్డాయట. కాలు జారితే తుంటి విరిగే ప్రమాదం ఉందట. “ఎముకల్లో కాల్షియం తగ్గింది. అయినా ఇప్పుడే కాల్షియం మాత్రలు ఇవ్వను. రక్తపరీక్షలు చూశాక చెబుతాను. అంతవరకు మీ అంతట మీరు వేసుకోవద్దు” అన్నాడు డాక్టరు.

కాల్షియం అంటే సున్నమే గదా. నయాపూల్ దుకాణంలో మూడు తరాలుగా సున్నమూ రంగులూ అమ్మి బ్రతికినవాళ్లం. మా అబ్బాయి శ్రవణ్‌కుమార్ దుకాణంలో కూర్చున్న తరువాత డబ్బా రంగులు ఎక్కువయ్యాయి గాని, సున్నపు బస్తా లేని రోజు నేటికీ లేదు. ఊరి గోడలన్నిటికీ తెల్లదనం ఇచ్చిన ఇంట్లో ఇల్లాలి ఎముకలకు సున్నం కరువైందంటే నాకు సిగ్గుగా ఉంది. దేవతలకు ఆయుధం కావాలంటే తన ఎముకలనే దానమిచ్చిన ఋషి కథ ఆమెకు ధైర్యం కోసం చెప్పాను. “ఆయన ఇచ్చుకున్నడు. నా బొక్కలు నేనెవ్వరికియ్య. నాకే సాల్తలెవ్వు” అన్నది.

ఈ ఇంట్లో పద్యాలు నావి, మాటలు ఆమెవి. దుకాణానికి వచ్చిన మేస్త్రీతో ఉర్దూలోనూ, కూరగాయల బండివానితో తెలుగులోనూ ఒకే ధాటితో బేరమాడే ఆ నోరు మంచం పట్టి మూగవోతే ఈ ఇల్లు ఏమవుతుందో నేను ఊహించలేను. ప్రాచీన వైద్యగ్రంథాలు తిరగేసినవాడివి గనుక, ఏదైనా ఉపాయం తోస్తే వెంటనే వ్రాయి.

నీ బావ,
బాబురావు


వనపర్తి
11 జూలై 2025

పూజ్యులైన బావగారికి ఆనందరావు నమస్సులు.

మీ ఉత్తరం చదివి మొదట భయపడ్డాను, అక్క మాటలు చదివి తరువాత నవ్వుకున్నాను. తన ఎముకలు తనకే చాలడం లేదన్న మనిషికి ఇంకా చాలా ఆయుష్షు ఉన్నదని నా నమ్మకం.

బావగారూ, ఊరందరికీ సున్నం అమ్మి ఇంటికి మరచిపోయిన వ్యాపారిని మిమ్మల్నే చూశాను. ఉపాయం మీ ఎదుటే ఉన్నది. మా అమ్మమ్మ బాలింతలకు గోధుమ గింజంత తినే సున్నాన్ని మజ్జిగలో కలిపి ఇచ్చేది. ఆమె చేతి మజ్జిగ తాగినవాళ్లు ఎనభై దాటినా నడుం వంచలేదు. ఇప్పుడు మా వీధిలో అందరి ఫోన్లలోనూ ఇదే వైద్యం తిరుగుతున్నది. పెద్దల మాటకు ఆలస్యంగానైనా లోకం తల ఊపుతున్నదని సంతోషించాను.

డాక్టరు వద్దన్నాడని మీరు సందేహిస్తారు. ఆయన వాక్యాన్ని మళ్లీ చూడండి. వద్దన్నది మాత్రలను. నిషేధం దేనికి చెప్పారో దానికే వర్తిస్తుంది, పక్కదానికి ప్రాకదు అన్నది వ్యాఖ్యాతల మర్యాద. మజ్జిగను ఆయన నిషేధించలేదు. పైగా ఇది మందు కాదు, ఆహారం. రోజుకు ఒక గింజంత చాలు. మీ దుకాణపు సున్నం వాడకండి, పాన్ వాళ్ల దగ్గర దొరికేది తీసుకోండి.

ఎముక పుష్టికని నువ్వుల ఉండలు చేయించి బస్సు పార్సిలులో పంపుతున్నాను. బెల్లం వేయలేదు. అక్క తిట్టుకుంటూనే తింటుంది.

అక్కకు నా మాటగా చెప్పండి: స్నానాల గదిలో తడి నేల మీద పరుగెత్తవద్దు. చిన్నప్పుడు నన్ను తరమడానికి పరుగెత్తిన కాళ్లు అవి, నాకు వాటి వేగం తెలుసు.

విధేయుడు,
ఆనందరావు


బహదూర్‌పురా
22 జూలై 2025, ఆషాఢ బహుళ ద్వాదశి

చిరంజీవి ఆనందరావునకు ఆశీస్సులు.

నీ వ్యాఖ్యానం శిరసావహించాను. తినే సున్నం తెప్పించి రోజూ ఉదయం నా చేతితోనే మజ్జిగలో కలిపి ఇస్తున్నాను. గోధుమ గింజ అన్నావు గాని ఏ గోధుమ అన్నది వ్రాయలేదు. కొత్త పంట గింజ కొంచెం లావు. ఎముకల పని గనుక లావుదే ప్రమాణంగా తీసుకున్నాను. నువ్వుల ఉండలు చేరాయి. సాయంత్రం పూట ఒకటి చొప్పున తింటున్నది.

మీ అక్కకు మాత్రం నీ మీద కోపం. “తమ్ముడు పండితుడైతడనుకున్నగని గిట్ల సున్నం పూసేటోడైతడనుకోలె” అంటున్నది. నోరు ఎండుతున్నదట, కడుపు గట్టిపడిందట, మధ్యాహ్నం లేవబుద్ధి కావడం లేదట. వర్షాకాలపు మాంద్యం అని నేను సర్దిచెప్పాను.

ఇప్పుడు నీకు ఆనందం కలిగించే వార్త. ఆదివారం మా బోనాలు గదా. రశ్మి బోనమెత్తుకొని గుడికి పోయింది, శ్రవణ్ వెంట వెళ్లాడు. మీ అక్కను ఎత్తవద్దన్నాం. అలిగి వంటింట్లో పాలు కాచుకుంటున్నది. నేను ముందు గదిలో పుస్తకం పట్టుకున్నాను. మీ అక్క వాకిట్లో ఆడుకుంటున్న పక్కింటి అమ్మాయిని పిలిచి ఏదో చెప్పబోయింది. ఆమె చెప్పదలచినది, “పాల మీద మూత పెట్టు పిల్లా.” నా చెవిన పడినది, “ఆల ఈద ఊత ఎట్టు ఇల్లా.”

మొదట యంత్రం చెడిందనుకొని తీసి తుడిచి పెట్టుకున్నాను. మళ్లీ అదే. పవర్గంలో ఒక్క అక్షరం లేదు. ఐదింటికి ఐదూ పోయాయి. మహాకవులు పెదవి కదలని అక్షరాలతోనే పద్యం చెప్పి దానిని నిరోష్ఠ్యమని గర్వించారు. మీ అక్క పాలగిన్నె ముందు నిలబడి అలవోకగా చెప్పింది. పండుగ తొందరలో గరిటె కూడా చేయి జారింది. నేను లోపలికి పోయి “మళ్లీ అను, మళ్లీ అను” అని మురిసిపోతుంటే, చేత్తో నన్ను నెట్టి పీట మీద కూర్చున్నది. గుడి నుంచి వాళ్లు తిరిగివచ్చేసరికి పవర్గమంతా యథాస్థానానికి చేరింది. చేరిన ఆ పవర్గంతోనే నన్ను నాలుగు తిట్టింది.

కట్టుడు పళ్లు కదిలి ఉంటాయని ఆమె అంటున్నది. ఏమైనా, ఈ ఇంట్లో ఇన్నేళ్లు చదివిన పద్యాలు గోడలకు పట్టి ఆమె నోట పలికాయని నా భావన. నీ అభిప్రాయం తెలుపగలవు.

బావ,
బాబురావు


వనపర్తి
26 జూలై 2025, సాయంకాలం

బావగారికి,

కుశల ప్రశ్నలు తరువాత. ఈ ఉత్తరం చేరేలోగా మీరు ఆసుపత్రికి పోయి వచ్చి ఉంటారు. పోకపోయి ఉంటే ఇది చదవడం ఆపి పోండి.

మధ్యాహ్నం మీ ఉత్తరం వచ్చింది. నిజం చెబుతున్నాను, చదివి నవ్వాను. నవ్వి, పండితుణ్ణి గదా, తప్పు పట్టడానికి కూర్చున్నాను. ‘ఊత’లోని ఊకారం ఓష్ఠ్యమే, ఉ ఊలు పెదవులు ముడవనిదే పలకవు, కాబట్టి అక్క చెప్పింది సిసలైన నిరోష్ఠ్యం కాదు, నియమభంగం జరిగింది అని మీకు వ్రాయబోయాను. వ్రాసేముందు సరిచూసుకోవాలని అద్దం ముందు నిలబడి ఆ వాక్యం పలికాను. పెదవులు కలవకుండా పకారం రాదు. ఊకారానికి మాత్రం అవి కొంచెం ముడుచుకుంటే చాలు. అయితే పెదవులు ముడుచుకోగలిగిన మనిషి వాటిని కలపలేకపోవడం ఏమిటి? వేలితో ఒక పక్క పెదవిని కిందికి నొక్కిపట్టి మళ్లీ పలికాను. “ఆల ఈద ఊత ఎట్టు ఇల్లా.” అచ్చంగా అదే వచ్చింది బావగారూ.

అద్దంలో నా మూతి ఒక పక్కకు జారి ఉన్నది. పోయినేడు మా వీధి ఆయనకు పక్షవాతం వచ్చినరోజు ఆయన మొఖం అట్లాగే ఉండింది. అప్పుడు గరిటె గుర్తుకు వచ్చింది.

వెంటనే మీకు ఫోను చేశాను. నేనేమన్నానో మీరేమి విన్నారో ఆ దేవుడికే తెలియాలి. మీరు కోపంగా పెట్టేశారు. అందుకని దుకాణంలో శ్రవణ్‌కు చేసి చెప్పాను. కారు తీసుకొని బయల్దేరానన్నాడు.

సున్నం ఆపండి. ఉండలు ఆపండి. వాక్యాన్ని చీల్చి నిషేధానికి సందు వెతికింది నేను. డాక్టరు చెప్పినదానిలో ఏ సందూ లేదు.

ఆనందరావు


బహదూర్‌పురా
10 ఆగస్టు 2025, శ్రావణ బహుళ పాడ్యమి

చిరంజీవి ఆనందరావునకు ఆశీస్సులు.

మీ అక్క క్షేమం. ఈ మాట ముందే వ్రాస్తున్నాను. క్షేమమన్న మాట కోసం చివరిదాకా వెదికించే ఉత్తరాలు నాకు గిట్టవు.

ఆనాడు ఫోనులో నీవు “బావగారూ, అది పక్షవాతం” అని అరిచావట. ఈలలో నాకు వినబడినది “పక్షపాతం.” భార్య నోట వచ్చినదానిని నిరోష్ఠ్యమని పొగడినందుకు నా విమర్శకు పక్షపాతం అంటగడుతున్నావనుకున్నాను. “నా భార్య మీద నాకు పక్షపాతం ఉంటే నీకేమి నొప్పి” అని పెట్టేశాను. వకారానికీ పకారానికీ మధ్య నీ అక్క ప్రాణం ఊగిసలాడింది. అరగంటలో శ్రవణ్ వచ్చి, తల్లి చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు. కంచన్‌బాగ్ దారిలోని ఆసుపత్రికి వెళ్లాం.

తలకు ఫోటో తీశారు, మెడ నరాలకు స్కానింగు చేశారు, రక్తం తీశారు. అది చిన్న పక్షవాతమట. వచ్చి, తనంతట తాను తొలగిపోయినది. తొలగిపోయినదని ఊరుకుంటే పెద్దది వెంట వస్తుందట. మళ్లీ ఎన్నడైనా మూతి జారినా, చేయి బరువెక్కినా, మాట తడబడినా, అది తగ్గిపోయినా సరే, ఆ క్షణమే తీసుకురమ్మన్నాడు డాక్టరు. మనం వారం గడిపి వచ్చామని విని, బోనాల తేదీని కాగితం మీద వ్రాసి కింద రెండు గీతలు గీశాడు.

తరువాత ఆహారం గురించి అడిగాడు. నేను గొంతు సవరించుకునేలోపే మీ అక్క, “పొద్దుగాల సున్నం, పొద్దుగూకితే నువ్వులు. ఈయన, మా తమ్ముడు కలిసి నన్ను గోడ జేసిండ్రు సారూ” అన్నది. డాక్టరు కలం కింద పెట్టాడు.

అతడు చిన్నవాడే గాని ఓపిక గలవాడు. కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. బలహీనపడిన మూత్రపిండం భాస్వరాన్ని బయటికి పంపలేదు. ఎముకలకు అవసరమైన డి విటమిన్‌ను సిద్ధం చేయనూ చేయలేదు. రక్తంలో ఆ లెక్క తప్పినప్పుడు దేహం సర్దుబాటు కోసం ఎముకలోని సున్నాన్ని కరిగించి లాగుతుంది. లాగిన సున్నం తిరిగి ఎముకకు చేరదు. రక్తనాళాల గోడలకు పట్టి గట్టిపడుతుంది. మెడలో మెదడుకు పోయే నాళానికి కూడా పట్టింది. ఎముక పలచబడడమూ నాళం బిగుసుకోవడమూ వేరువేరు రోగాలు కావు, ఒకే రోగానికి రెండు కొసలు. తుంటి విరుగుతుందని భయపడవలసిన మనిషికి పక్షవాతం భయం కూడా ఎక్కువగా ఉండడానికి ఇది ఒక కారణమట.

ఆనందరావూ, ఇది నాకు పుస్తకం లేకుండానే అర్థమైంది. వానకు గోడమీది సున్నం పెళ్లలుగా రాలి మోరీలో పడుతుంది. అక్కడ రాయిలా బిగుస్తుంది. నీళ్లు పోవు. అట్లాంటి ఇంటివాడు దుకాణానికి వచ్చి సున్నం అడిగితే, ముందు మోరీ బాగుచేసుకో అని నేనే తిప్పి పంపేవాణ్ణి. అదే పొరపాటు నా ఇంట్లో గోధుమ గింజ కొలతతో చేశాను.

మన మజ్జిగే ఇదంతా తెచ్చిందా అని అడిగాను. “కాదు. నాళాల్లో పేరుకోవడం ఏళ్లుగా జరిగింది. కానీ ఆమె రక్తంలో కాల్షియం ఉండవలసినదానికంటే పెరిగింది. ఆ నీరసం, దాహం, మలబద్ధకం దానివల్లే. ఇంకొన్నాళ్లు సాగితే మూత్రపిండాలు ఇంకా దెబ్బతినేవి” అన్నాడు. నాళం సగం దాకా తెరిచే ఉన్నదట. కోత అక్కరలేదు. రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర, కొవ్వుకు ఒకటి. రక్తపోటూ చక్కెరా అదుపులో ఉండాలి. భాస్వరం ఎక్కువగా ఉండే పాలు, పప్పులు, నువ్వులు తగ్గించాలి. ఎముకలకు మందు రక్తపరీక్షలు కుదుటపడ్డాక తానే ఇస్తానన్నాడు. స్నానాల గదిలో పట్టుకోవడానికి శ్రవణ్ కడ్డీ వేయించాడు.

ఉండలు మిగిలినవి రశ్మి తింటున్నది. బాగున్నాయట.

బావ,
బాబురావు


వనపర్తి
20 ఆగస్టు 2025

పూజ్యులైన బావగారికి నమస్సులు.

మీ ఉత్తరంలో మొదటి వాక్యం చదివి దేవుని ముందు దీపం పెట్టి, తక్కినది తరువాత చదివాను. అక్క నన్ను గోడలకు సున్నం పూసేవాడన్నది గదా, ఆ బిరుదు ఉంచుకుంటాను. మా అమ్మమ్మ మజ్జిగ ఇచ్చింది ఇరవయ్యేళ్ల బాలింతలకు. వాళ్ల మూత్రపిండాలు రాళ్లను కూడా కరిగించేవి. దానిని నేను మరచాను.

ఇప్పుడు మందు జోలికి పోను, నా విద్య మేరకు ఒక సహాయం చేస్తాను. మాట తడబడితే వెంటనే తెలియాలి గదా. అక్క రోజూ ఉదయం లేవగానే పవర్గం నిండిన పద్యం ఒకటి పలికితే, పెదవులు సరిగ్గా ఉన్నదీ లేనిదీ ఇంట్లోవాళ్లకు తెలిసిపోతుంది. ఆటవెలది వ్రాశాను. నేర్పండి.

పాలు పెరుగు వేడి పప్పులు వంటలో
మూత పెట్టి మరచి మురియు వేళ
బామ్మ పిలిచె పాప భయమేమి లేదని
పెదవి కదిపి పలుకు ప్రేమ మాట

యతులన్నీ పెదవుల మీదనే వేశాను. గమనించగలరు.

విధేయుడు,
ఆనందరావు


బహదూర్‌పురా
14 సెప్టెంబరు 2025, భాద్రపద బహుళ అష్టమి

చిరంజీవి ఆనందరావునకు ఆశీస్సులు.

నీ పద్యం చేరింది. యతులు నిర్దోషం. మీ అక్కకు ఎదురుగా కూర్చోబెట్టి, అర్థం చెప్పి, రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె విమర్శను ఒక్క మాట మార్చకుండా వ్రాస్తున్నాను.

“పాలు వద్దన్నడు డాక్టరు, పప్పులు తగ్గించుమన్నడు. తమ్ముడు పొద్దుగాల్నే గవే యాది జేస్తున్నడేంది? ఇగ బామ్మెవరు? మన దిక్కు అవ్వ అంటం.”

అవ్వ అంటే యతి చెడుతుందన్నాను.

“చెడనియ్యుండ్రి. యతి కోసం అవ్వను మారుస్తరా?”

దీనికి సమాధానం నీ వద్ద ఉంటే వ్రాయి. పద్యం తనకు పట్టదన్నది. పొద్దున్నే పరీక్షకు మాత్రం ఒప్పుకున్నది. “నా మాట నేను ఎన్నుకుంట. మీరు లొల్లి పెట్టకుండ్రి” అన్నది.

రక్తపరీక్షలు మొన్న మళ్లీ చేశారు. కాల్షియం దిగివచ్చింది. దాహం తగ్గింది, మధ్యాహ్నపు నిద్ర పోయి బేరాలు మొదలయ్యాయి. నడకకు చేతికర్ర ఇచ్చారు. దానిని నడకకు వాడడం తక్కువ. మాటకు ఊతంగా గాలిలో ఊపడమే ఎక్కువ. డాక్టరు సంతోషంగానే ఉన్నాడు. భయం ఉన్నదా అని అడుగుతావేమో. ఉన్నది. ఆ నాళం అక్కడే ఉన్నది. నేను ఉదయం కళ్లు తెరవగానే ముందుగా ఆ సంగతే గుర్తుకు వస్తుంది.

ఇక ఆమె ఎన్నుకున్న మాట. నీకు తెలుసు, మన పెద్దల కాలం మర్యాద ప్రకారం మీ అక్క నా పేరు ఎన్నడూ ఎత్తలేదు. పెళ్లయి మా ఇంటికి వచ్చిన రోజు చెప్పమని ఆడపడుచులు తలుపుకు అడ్డం నిలిచినా, పక్క సందు నుంచి ఇంట్లోకి పోయింది. బ్యాంకులో భర్త పేరు అడిగితే రశ్మి వైపు చూస్తుంది. నేను ఆమెకు “ఇగో,” “వింటున్నరా,” “శ్రవణ్ వాళ్ల బాపు.” అంతవరకే.

నీ పద్యాన్ని తిరస్కరించిన మరునాడు ఉదయం నేను ఇంకా పక్క మీదనే ఉన్నాను. ఆమె వచ్చి గడప దగ్గర నిలబడి, గోడ మీద చేయి ఆనించి, ఎవరినో దూరాన ఉన్నవాణ్ణి పిలిచినట్టు స్పష్టంగా అన్నది.

“బాబురావు.”

ఆనందరావూ, బకారం రెండుసార్లు, చివర వకారం. నడుమ ఒక్క రేఫ దగ్గర మాత్రమే పెదవులకు విశ్రాంతి. పరీక్షకు ఇంతకంటే తగిన మాట ఏ నిఘంటువులోనూ దొరకదు. ఆమె దానిని వ్యాకరణం చూసి ఎన్నుకోలేదు. ఎందుకు ఎన్నుకున్నదో నేను అడగలేదు.

నేను లేచి కూర్చొని “ఏమిటి?” అన్నాను.

“ఏం లే. మూతి మంచిగున్నది. పండుకోండి.”

అప్పటినుంచి ప్రతి ఉదయం ఇదే. శ్రవణ్ నవ్వాపుకోవడానికి దుకాణానికి తొందరగా పోతున్నాడు. దుకాణం బోర్డు మీదా రేషన్ కార్డు మీదా ఇన్నేళ్లుగా చూస్తున్న పేరే ఇది. ఇది ఇంత మంచి మాట అని నాకు తెలియదు. ఇప్పుడు మెలకువ వచ్చినా కళ్లు తెరవకుండా, ఆమె వచ్చి అనేదాకా పడుకొనే ఉంటున్నాను.

నీ బావ,
బాబురావు